తెల్లెలుకల పురుడు

హజ్రా బీ గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. అడిగే తీరిక ఎవరికుంది గనక. నరసరావుపేటలో ఒక ప్రైవేటు కాలేజీ జువాలజీ ల్యాబులో ఆయాగా పనిచేసి, తెల్లెలుకలకు పురుళ్ళు పోసిన మనిషికి ఎవరూ సంతాపసభ పెట్టరు. అదే ల్యాబులో డిమాన్‌స్ట్రేటరుగా ఏడేళ్ళు వెలగబెట్టిన మస్తాన్‌రావు అనే నేను రాయకపోతే ఆమె సంగతి బయటికి రాదు. రాస్తే ఆమె సంగతితో పాటు నా సంగతీ బయటపడుతుంది. అందుకే ఇన్నేళ్ళు వాయిదా వేస్తూ వచ్చాను.

ఆమె భర్త సర్దార్ మా ల్యాబు అటెండరు. ఎనభై ఒకటిలో పచ్చకామెర్లు ముదిరి పోయాడు. ఆయన స్థానంలో హజ్రా బీని తాత్కాలికంగా తీసుకున్నారు. కాలేజీ కమిటీ వాళ్ళకు గుండె కరిగిందని ఎవరైనా అనుకుంటే పొరపాటు. వెనక ఉన్న ఎలుకల గది ఊడవడానికి ఊళ్ళో ఇంకెవరూ ఒప్పుకోలేదు. వేరుశెనక్కాయల గోడౌన్లలో, మిరపకాయ బస్తాల మధ్య ఎలుకలతో వేగే ఊరు మాది. ఎలుక కనిపిస్తే చెప్పు తీసే జనానికి, గూట్లో పెట్టి గోధుమలు మేపి పెంచే ఎలుకలంటే వింతగా, కొంచెం అసహ్యంగా కూడా ఉండేది. హజ్రా బీ మాత్రం మొదటి రోజు గూళ్ళ ముందు చాలాసేపు నిలబడి చూసి, పాలల్లో ముంచి తీసినట్టున్నాయి సారూ అని, చీపురు అందుకుంది.

ఆ ఎలుకలు డిగ్రీ మూడో సంవత్సరం ప్రాక్టికల్స్ కోసం పెంచేవి. సర్దార్ మంచివాడే గానీ ఆయన హయాంలో ఎలుకలు పెరిగింది తక్కువ, పోయింది ఎక్కువ. పిల్లలు పెట్టిన మర్నాటికి సగం మాయమయ్యేవి. తల్లే తినేసేది. తమ పిల్లల్ని తామే తినే జాతి అని మేం ఎలుకల మీదే నెపం వేసి, క్లాసులో ఆ సంగతి గొప్పగా చెప్పేవాళ్ళం. ఎలుక ఈనిందని తెలియగానే విద్యార్థులు గుంపుగా వచ్చి మూత ఎత్తేవారు. ఎర్రగా, కళ్ళు తెరవకుండా, చిటికెన వేలి కణుపంత ఉండే ఆ పసిగుడ్లను చేతుల్లోకి తీసుకుని మురిసిపోయేవారు. మగ ఎలుక అదే గూట్లో ఉండేది. గూడు అడుగున ఇనుప జల్లెడ, ఆ సందుల్లోంచి కింద పడిన పిల్లలు చలికి బిగుసుకుపోయేవి. ఇన్ని ఘనకార్యాలు మేం చేసి, తల్లిని రాక్షసి అన్నాం.

ఆమె చేరిన రెండో వారంలో ఒక ఎలుక ఈనింది. నేను మధ్యాహ్నం గదిలోకి వెళ్ళేసరికి ఆ గూడు గోడ వైపు తిప్పి ఉంది. దాని మీద పాత చీర ముక్క కప్పి ఉంది. మగదాన్ని తీసి వేరే గూట్లో పెట్టింది. అడుగున చెక్కముక్క పరిచి, దాని మీద వరిపొట్టు పోసి, చింపిన కాగితాలు ఒక పక్కన పెట్టింది, తల్లే ఏరుకుని సర్దుకుంటుందని. గుమ్మంలో తాను ముక్కాలిపీట వేసుకుని కూర్చుంది. ఏంటిదని అడిగితే ఆమె లేవకుండానే జవాబు చెప్పింది.

“పురిటి గది సారూ. పది రోజుల దాకా ఎవురూ రాబాకండి. మీరు గూడా.”

నేను పగలబడి నవ్వాను. మా హెచ్‌.ఓ.డి. అయితే బొడ్డు కోసి స్నానం కూడా చేయించావా అని వారం రోజులు ఏడిపించాడు. స్వీపరు రత్తమ్మ, తొమ్మిదిమంది పిల్లల తల్లి, తనకు ఏ పురుట్లోనూ ఇంత మర్యాద జరగలేదని గొణిగింది. హజ్రా బీ ఎవరికీ ఎదురు చెప్పలేదు, లేచి దారీ ఇవ్వలేదు. ఆ ఈతలో పుట్టిన పదకొండు పిల్లలూ బతికాయి. ఆ తల్లికి ఆమె రత్తమ్మ అనే పేరు పెట్టింది. అసలు రత్తమ్మ రెండు రోజులు అలిగి, ఆ తర్వాత రోజూ దాని కోసం ఇంటి నుంచి అన్నం మెతుకులు తెచ్చేది.

ఎలుక పిల్ల చస్తే ఎవరికేం నష్టమని మీరు అడగవచ్చు. నేనూ మొదట్లో అడిగాను. హజ్రా బీకి ఐదు కాన్పులు. నలుగురు పిల్లలు నెల తిరక్కుండానే పోయారు. ఒక్క అబిదా దక్కింది, ఆమెను కారంపూడిలో ఇచ్చారు. ఆ నలుగురి గురించి ఆమె కన్నీళ్ళు పెట్టుకుని చెప్పడం నేను వినలేదు. రోడ్డు మీద ఏ బస్సు ఎప్పుడు పోతుందో చెప్పినంత మామూలుగా చెప్పేది: ఒకడు ఎనిమిదో రోజు, ఒకతె పన్నెండో రోజు, ఇంకొకడు ఆరో రోజు. నాలుగోది ఎన్నో రోజో మాత్రం చెప్పేది కాదు. ఏదైనా ఒక ఈతలో పిల్ల పోతే ఆమె ఆ పూట అన్నం తినేది కాదు. పసిగుడ్డు పోవడమనే దాన్ని ఆమె ఇంక ఏ రూపంలోనూ చూడలేకపోయేది, అంతే. అది నాకు అర్థమయ్యాక నవ్వడం మానేశాను.

తర్వాత నాలుగేళ్ళు నేను చేసిన పని ఏమిటంటే, ఆమె చేసినవి పుస్తకంలో వెతుక్కోవడం. మగదాన్ని ఎందుకు తీశావంటే బాలింత గదిలో మొగుడికేం పని అంది. పుస్తకంలో చూస్తే ఎలుక ఈనిన రోజే మళ్ళీ కట్టి, పాలిచ్చే ఒళ్ళు రెండో ఈతకు కూడా అరిగిపోతుందని ఉంది. పిల్లల్ని చేత్తో ముట్టుకోబాకండి, పరాయి వాసన తగిలితే తల్లి భయపడుద్దని అంది. పుస్తకమూ అదే చెప్పింది. బాలింతకు నానబెట్టిన శనగలు, ఉడికిన గుడ్డు, గోధుమ రొట్టె పాలల్లో తడిపి పెట్టేది. దూది పెట్టనిచ్చేది కాదు, దారం పోగులు పిల్ల కాళ్ళకు చుట్టుకుంటాయని. ఒక తల్లికి పాలు చాలకపోతే, అదే రోజుల్లో ఈనిన ఇంకో తల్లి గూట్లోని పొట్టు తెచ్చి పిల్లల ఒంటికి రాసి, ఆ తల్లి తిండికి లేచినప్పుడు దాని పిల్లల్లో కలిపేసేది. కళ్ళు తెరిచాక మాత్రం రోజూ అరచేతుల్లోకి తీసుకుని మచ్చిక చేసేది, తోక పట్టి ఎత్తిన విద్యార్థిని వేళ్ళ మీద కొట్టేది. మూడు వారాలకు తల్లిని వేరు చేసేది, ఐదో వారం రాకముందే ఆడామగా విడదీసేది. లేకపోతే గదంతా ఎలుకలవుతాయి, సాకలేని పిల్లల్ని కనడం పాపం అనేది.

ఇందులో నేను ఆమెకు నేర్పింది ఒక్కటీ లేదు. ఎం.ఎస్సీ. చదివినవాడిని, ప్రతిసారీ ఆమె ముందు ఓడిపోయాను. ఓడిపోవడం క్రమంగా అలవాటై, హజ్రా బీ చేసిందంటే సరిగానే ఉంటుందని తేల్చుకున్నాను. అడగడం మానేశాను.

ఆమె చేయాలనుకుని చేయలేకపోయింది ఒక్కటే, సాంబ్రాణి ధూపం. ల్యాబులో స్పిరిటు, ఈథరు సీసాలుండేవి. నిప్పు అన్న మాట వింటే హెచ్‌.ఓ.డి. ఎగిరిపడేవాడు. బాలింతకూ బిడ్డకూ ధూపం పట్టకపోవడమేంటని ఆమె ప్రతి ఈతకూ గొణిగేది. తన బిడ్డలు పోయినప్పుడల్లా అత్త ధూపం సరిగా పట్టలేదనే సాధించిందట. అందుకని ఒక్కో కాన్పుకు ధూపం పెంచుకుంటూ పోయారట. అయినా దక్కలేదని చెప్పి, మా రాత బాగాలేదు సారూ అని ఊరుకునేది. నాకు అప్పుడు ఏమీ తట్టలేదు. వింటూ టీ తాగాను.

ప్రాక్టికల్స్ వచ్చే నెలలో ఆమె మాట్లాడేది కాదు. ఎలుకల్ని కోతకు ట్రేల మీదికి ఇవ్వాల్సింది ఆమే. క్లోరోఫాం సీసా నాది. ఆమెకు ఒక నియమం ఉండేది: పిల్లల్ని కన్న తల్లిని ట్రే మీదికి ఇవ్వదు. ఈతలు ఉడిగిన ముసలి తల్లుల్ని మూలనున్న పెద్ద గూట్లో ఉంచి, చచ్చేదాకా సాకేది. దండగ మేత అని హెచ్‌.ఓ.డి. రెండుసార్లు కేకలేశాడు. ఒకసారి పరీక్షకు ఎలుకలు తక్కువపడి, ఒక ముసలిదాన్ని ఇవ్వమని నేనే ఒత్తిడి చేశాను. ఆమె గూటి తాళంచెవి తన కొంగుకు కట్టుకుని, పొద్దున్నుంచి సాయంత్రం దాకా గేటు బయట కూర్చుంది. ఆ ఏడు ఇద్దరు విద్యార్థులు ఒకే ఎలుక మీద పరీక్ష రాశారు, కొంపేం మునగలేదు.

ఎనభై ఐదు ఆగస్టులో ఆఫీసు గదిలో ఎలుకలు పడి పాత మార్కుల రిజిస్టర్లు కొరికేశాయి. ప్రిన్సిపాల్ అన్ని గదుల్లోనూ మందు పెట్టమని ఆర్డరు వేశాడు. అన్ని గదులూ అంటే అన్ని గదులూ. కొత్తగా చేరిన ప్యూను ఒకడు, ఆదివారం నాడు, తాళాల గుత్తి పుచ్చుకుని బయలుదేరాడు. అటకల మీదా, బీరువాల వెనకా మందు ఉండలు పెట్టుకుంటూ మా ఎలుకల గదికి వచ్చాడు. అక్కడ గూళ్ళ నిండా ఎలుకలే కనిపించేసరికి, వెతకబోయిన తీగ కాలికి తగిలిందని సంబరపడి, ఒక్కో గూట్లోకి ఒక్కో ఉండ స్వయంగా వేసి వచ్చాడు. సోమవారం నాడు గర్వంగా చెప్పుకున్నాడు కూడా.

నలభైకి పైగా ఎలుకలు పోయాయి. పాలు తాగే పిల్లలు తల్లుల కింద రెండు రోజులు బతికాయి. హజ్రా బీ చుక్కలు చుక్కలుగా ఆవుపాలు పోసి చూసింది, నిలవలేదు. మిగిలింది ఒకే ఒక్క ఎలుక, ఆ తొలి తల్లి ఎలుక రత్తమ్మ వంశానిది. అది చూలుతో ఉంది. నెలలు నిండాయన్న లెక్కలో ఆమె దాన్ని శనివారమే తెచ్చి, జనం అలికిడి లేని స్టోరు గదిలో చీర ముక్క కప్పి పెట్టింది. ప్యూనుకు ఆ గూడు కనబడలేదు. పురిటి గది అనే ఆ పిచ్చి వల్లే అది బతికింది. మగ ఎలుకల్లో ఒక్కటీ మిగల్లేదు కాబట్టి, దాని కడుపులో ఉన్నవే మా గదికి ఆఖరు.

హెచ్‌.ఓ.డి. ఆమెను పిలిచి సూటిగా చెప్పాడు. బయటి నుంచి ఎలుకల్ని కొనడానికి కమిటీ ఒప్పుకోదు. ఈ ఈత నిలబడి మంద మళ్ళీ లేస్తే సరి, లేకపోతే ఎలుకల గది మూసేస్తారు, గదితో పాటు ఆమె పోస్టూ పోతుంది. ఆమె తలూపి బయటికి వచ్చింది. ఉద్యోగం పోతే ఏం చేస్తావని అడిగాను.

“ఇంతమందిని పోగొట్టుకున్నా సారూ. ఈ కడుపులో ఉన్నోళ్ళని మాత్రం పోనివ్వను,” అంది.

ఆ వారంలోనే కాలేజీలో రెండు విద్యార్థి వర్గాలు కొట్టుకున్నాయి. ఒకరి తల పగిలింది. పోలీసులు వచ్చారు, కాలేజీకి తాళం వేశారు, ఎప్పుడు తెరుస్తారో తెలియదన్నారు. లోపల ఎలుక ఉంది, మేత పెట్టాలని చెప్తే గేటు దగ్గర పోలీసు నా మొహం వైపు జాలిగా చూశాడు. చివరికి వాచ్‌మన్‌ను బతిమాలి హజ్రా బీ వెనక వైపు నుంచి వెళ్ళి, గూటిని బుట్టలో పెట్టి, పైన గుడ్డ కప్పి, ఇంటికి తీసుకుపోయింది. నేను వద్దనలేదు. కాలేజీ గదిలో కన్నా ఆమె దగ్గరే భద్రమని మనస్ఫూర్తిగా నమ్మాను.

ఆమె ఇల్లు మసీదు వెనక సందులో. ఒకే గది. మా పల్నాటి ఇళ్ళలాగే నాపరాతి గోడలు, నాపరాళ్ళ కప్పు, ఒక చిన్న కిటికీ. పెళ్ళై వచ్చిన నాటి నుంచీ ఆమె అదే గదిలో ఉంది. ఎలుక అక్కడికి వెళ్ళిన మర్నాడే పది పిల్లల్ని పెట్టింది. నేను మూడో రోజున చూడ్డానికి వెళ్ళాను. వానలు పట్టుకున్నాయి, సందంతా బురద. నన్ను గుమ్మంలోనే ఆపి, చేతులు కడిగించి, మాట్లాడకుండా రమ్మంది. చీర ముక్క అంచు పైకెత్తి చూపింది. పదీ కుదురుగా తల్లిని కరుచుకుని ఉన్నాయి. పల్చటి చర్మంలోంచి పొట్టల్లో తాగిన పాలు తెల్లగా కనిపిస్తున్నాయి. అది కనిపిస్తే పిల్లలు నిలిచినట్టే. నాకు నిజంగా సంతోషమేసింది, ఆ మాటే అన్నాను.

అప్పుడే కళ్ళు మండాయి. గూడు పెట్టిన పీట పక్కన మట్టి కుంపటి ఉంది. బొగ్గులు ఎర్రగా ఉన్నాయి, పైన సాంబ్రాణి పొగ. కిటికీకి వాన జల్లు కొట్టకుండా గోనెసంచి కట్టి ఉంది. ఇక్కడ అడిగేవాళ్ళు లేరు గదా సారూ, ఈసారి ఏ లోటూ రానివ్వనని ఆమె సంబరంగా అంది. మూసిన గదిలో బొగ్గుల పొగ మంచిది కాదని నాకు తెలుసు. ఎలుకల ఊపిరితిత్తులు ఎంత సున్నితమో క్లాసులో బోర్డు మీద బొమ్మ వేసి చెప్పేవాణ్ణి. నోటి దాకా వచ్చింది. ఇంతకాలం నేను వద్దన్న ప్రతిదీ మంచిదైంది, నేను నవ్విన ప్రతిసారీ తలొంచుకున్నాను, మళ్ళీ ఎందుకని నోరు మూసుకున్నాను. కళ్ళు నలుపుకుని, కుంపటి వైపు ఒకసారి చూసి, ఆమె ఇచ్చిన టీ తాగి వచ్చేశాను. పొరపాటు ఎక్కడ జరిగిందని ఎవరైనా అడిగితే, అక్కడే జరిగింది.

ఆరో రోజు. వాళ్ళలో బిడ్డకు ఆరో రోజున ఛట్టీ చేస్తారు, తల్లికీ బిడ్డకూ స్నానం, ధూపం, కాస్త తీపి. ఎలుకలకు స్నానం చేయించేంత పిచ్చిది కాదు హజ్రా బీ. ధూపం మాత్రం బాగా పట్టింది. ఆమె కొడుకు ఒకడు ఆరో రోజునే పోయాడు కాబట్టి ఆ రోజు గండం దాటాలని ఆమె ఆరాటం. మధ్యాహ్నం వాన జోరందుకుంది, చలిగాలి తిరిగింది. ఆమె కుంపటి నిండా బొగ్గులు వేసి, సాంబ్రాణి చల్లి, గూటి పీట కిందికి జరిపింది. గాలి కొట్టకుండా తలుపు దగ్గరగా వేసి గొళ్ళెం పెట్టింది. వీధి పంపుకు నీళ్ళు వచ్చాయని బిందె తీసుకుని వెళ్ళింది. ఆ రోజు పంపు దగ్గర జనం ఎక్కువ. రెండు గంటలు పట్టింది.

నాకు కబురు వచ్చి నేను వెళ్ళేసరికి ఇంకా వెలుతురు ఉంది. తలుపు బార్లా తెరిచి ఉంది, ఆమె గుమ్మంలో నేల మీద కూర్చుని ఉంది. గూడు ఆమె ముందు ఉంది. తల్లి పిల్లలన్నింటినీ కుంపటికి దూరంగా ఒక మూలకు చేర్చి, వాటి మీద పడుకుని ఉంది. అన్నీ పోయాయి. తల్లీ పోయింది. గదిలో ఇంకా ఆ వేడి, ఆ గాలి. లోపలికి రెండడుగులు వేసేసరికి నా తల దిమ్మెక్కింది.

ఆమె నన్ను చూసి ఒక్కటే అడిగింది, తానేం తక్కువ చేసిందని. అన్నీ చేశాను గదా సారూ, ఏది మర్చిపోయానో చెప్పండని. నా నోటి దురుసు ఊళ్ళో అందరికీ తెలిసిందే. ఆ క్షణంలో నాకు జాలి రాలేదు, మండుకొచ్చింది. ఆమె మీద కాదు, మూడు రోజుల కిందట టీ తాగి వెళ్ళిన వెధవ మీద. కానీ తిట్టింది మాత్రం ఆమెను.

“మర్చిపోలేదు, ఎక్కువ చేశావు. తలుపేసి బొగ్గులు పెడితే గదిలో విషం పుడుతుంది. నువ్వు మందు పెట్టినట్టే. ఆ ప్యూనుకూ నీకూ తేడా ఏముంది?”

ఆమె ఏడవలేదు. కుంపటి వైపు తిరిగింది. తర్వాత చాలా నెమ్మదిగా, పాఠం అర్థం కాని విద్యార్థి అడిగినట్టు అడిగింది.

“ఆ విషం ఎలకలకేనా సారూ, మనుషులకి గూడానా?”

నేను ఇంకా కోపంలోనే ఉన్నాను. అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పడం నా వృత్తి. పొగ కొద్దిగా ఉంటే పెద్దవాళ్ళకు తలనొప్పితో, వాంతితో పోతుంది, పసిపిల్లలు మాత్రం తట్టుకోలేరని చెప్పేశాను. చెప్పాక గానీ ఆ గది గోడలు నాకు కనపడలేదు.

హజ్రా బీ లెక్క వేసుకుంటున్నట్టు మాట్లాడింది. తనకు అబిదా పుట్టిన కాన్పు కష్టమైతే గుంటూరు ఆసుపత్రికి తీసుకుపోయారట, నలభై రోజుల దాకా అక్కడే, ఆ తర్వాత పుట్టింట్లో ఉంచారట. ఆసుపత్రిలో కుంపటి పెట్టనివ్వరు. మిగతా నలుగురూ ఈ గదిలోనే పుట్టారు.

“నాలుగో కాన్పుకి మా అత్త కళ్ళు మండతన్నాయి, కుంపటి బయట పెడతానంది. నేనే వద్దన్నా. బిడ్డకి చలేస్తదని, మంచం కిందకి నేనే జరిపించా.”

ఆ నాలుగోది ఎన్నో రోజున పోయిందో ఆమె అప్పుడు కూడా చెప్పలేదు. నేను ఏదో అన్నాను. ఏమన్నానో గుర్తు లేదు. ఆమె ఎలుకల్ని చీర ముక్కలో చుట్టి, పెరట్లో తడిసిన మట్టి తవ్వి, తల్లినీ పిల్లల్నీ ఒకే చోట పెట్టింది. పార అందించబోతే తీసుకోలేదు, గరిటెతో తవ్వింది.

ఆ రాత్రి నేను నిద్రపోలేదని రాస్తే అది గొప్ప కోసం రాసినట్టుంటుంది. తెల్లారేసరికి మాత్రం ఒక నిర్ణయానికి వచ్చాను. అన్న మాట వెనక్కి తీసుకోవాలి. దారి పొడుగునా మాటలు కూర్చుకుంటూ వెళ్ళాను. ఎలుకలు పోయింది పొగ వల్ల కాకపోవచ్చు, కాలేజీలో పెట్టిన మందు వాసన తగిలి ఉండవచ్చు. ఎలుకల సంగతి వేరు, మనుషుల సంగతి వేరు. ముప్పై ఏళ్ళ నాడు పసిపిల్లలు ధనుర్వాతంతో, జ్వరాలతో ఇంటింటా పోయేవారు, ఎవరు ఎందుకు పోయారో ఏ డాక్టరూ ఇప్పుడు చెప్పలేడు. ఈ చివరి ముక్క నిజం కూడా. ఆ నలుగురూ ఎందుకు పోయారో నాకు తెలియదు. ఆ రోజూ తెలియదు, ఇప్పుడూ తెలియదు.

ఆమె ఒక చేతిసంచిలో బట్టలు సర్దుకుంటోంది. నన్ను కూర్చోమంది. నేను తెచ్చిన మాటలన్నీ వరసగా చెప్పాను. ఆమె చివరిదాకా విని, సంచి మూతి ముడి వేసింది.

“మీరు మూడో రోజు వచ్చినప్పుడు కుంపటి వంక చూసి ఊరుకున్నారు. అప్పుడు మీకు తెలుసు గదా సారూ?”

తెలుసన్నాను. ఆమెతో అబద్ధం ఆడటానికే వెళ్ళినవాణ్ణి, అసలు చోట ఆడలేకపోయాను.

“తెలిసినప్పుడు చెప్పలా. చెప్పినా లాభం లేనప్పుడు చెప్పారు. ఇప్పుడేమో కాదంటన్నారు.”

అందులో తిట్టు లేదు. తిడితే బాగుండేది. నేను తల దించుకుని, కాలేజీ తెరిచాక హెచ్‌.ఓ.డి.తో మాట్లాడి ఆమె పోస్టు నిలబెడతానని ఏదో గొణిగాను. ఆమె గోడ దగ్గరున్న చెప్పులు తీసుకుని వాకిట్లో వేసుకుంది. ఎక్కడికని అడిగాను.

“కారంపూడి. అబిదాకి ఎనిమిదో నెల. వాళ్ళదీ నాపరాళ్ళ ఇల్లే. బిడ్డ పుడితే వాళ్ళ అత్త కుంపటి పెట్టుద్ది. నేను పెట్టనివ్వను. ఎందుకు పెట్టనివ్వవని అందరూ అడగతారు.” గొళ్ళెం పెట్టి, తాళం కప్ప నొక్కి, నా వైపు తిరక్కుండానే మిగతాది అంది. “నా నలుగుర్నీ నేనెట్టా పోగొట్టుకున్నానో అబిదా ముందరే చెప్పాల గదా సారూ. చెప్పకపోతే వాళ్ళు వినరు.”

బస్టాండు దాకా ఆమె వెనకే నడిచాను. సంచి నేను పట్టుకుంటానన్నాను, ఇవ్వలేదు.